మూడో చాటింపు

పోయిన వారం మా అమ్మను నిండు చర్చిలో నిలబెట్టి వదిలేశాను. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది. ముందు ఆవిడ సంగతి చూద్దాం.

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. నేను అరుణను. పాశమైలారంలో మాత్రల కంపెనీలో ప్యాకింగ్ చూస్తాను. ఆదివారాలు ఇస్నాపూర్‌లో మా కతోలిక చర్చిలో పిల్లలకు జ్ఞానోపదేశం చెబుతాను. నాకు కోపం ఎక్కువ. అది మా అమ్మ నర్సింహమ్మ నుంచి వచ్చింది, ఆవిడ నాకిచ్చిన ఆస్తి అదొక్కటే. మా తమ్ముడు నవీన్ పదేళ్ల కిందట మందుల కంపెనీలో కెమిస్టు పని వదిలి, ఫాదర్ కావడానికి సెమినరీలో చేరాడు. ఇప్పుడు డీకన్, అంటే ఫాదర్‌కు ఒక మెట్టు కింద. మూడో చాటింపు తర్వాత వచ్చే గురువారం బిషప్ గారు వచ్చి వాడి చేతులకు తైలం పూసి గురుపట్టం ఇస్తే, ఆ రోజు నుంచి ఫాదర్ నవీన్ అవుతాడు.

మాలో గురుపట్టానికి ముందు మూడు ఆదివారాలు చాటింపు ఉంటుంది, పెళ్లికి ఉన్నట్టే. "ఈ అభ్యర్థికి అడ్డంకి ఏదైనా ఉందని తెలిసినవారు విచారణ గురువులకు తెలియజేయవలెను" అని పూజ చివర చదువుతారు. విచారణ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్లు, బస్తీలు. ఎవరూ ఏమీ తెలియజేయరు. ఆ సమయానికి జనం మనసు బయట వదిలిన చెప్పుల మీదికి పోయి ఉంటుంది. అట్లాంటి మూడో చాటింపు చదవగానే మా అమ్మ లేచి, "అడ్డం ఉన్నది ఫాదర్. నాకెరుక," అంది.

మా చర్చిలో రెండో పూజ హిందీలో ఉంటుంది. దానికోసం జార్ఖండ్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కంపెనీ కార్మికులు అప్పటికే గుమ్మం దగ్గర గుమిగూడి ఉన్నారు. వాళ్లలో ఒకతను పక్కతన్ని "క్యా హువా?" అని అడగడం చర్చి మొత్తానికి వినిపించింది. ముందు వరుసలో అన్నపూర్ణమ్మ వెనక్కి తిరిగి, "ఒక్కగానొక్క కొడుకాయె, ఇచ్చేటందుకు మనసొప్తలేదేమో," అని తీర్పు చెప్పేసింది.

మా విచారణ గురువు ఫాదర్ ఇన్నయ్య గుంటూరు వైపు మనిషి. తల నెరిసేదాకా ఎన్నో చాటింపులు చదివి ఉంటారు గానీ, చాటింపుకు జవాబు రావడం ఆయనా చూసి ఉండరు. కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకున్నారు. "నర్సింహమ్మగారూ, లోపలికి రండమ్మా, కూర్చుని మాట్లాడుకుందాం," అని ఆశీర్వాదం ఇచ్చి పూజ ముగించారు. ముగిసినా ఒక్కరూ ఇంటిదారి పట్టలేదు.

నిజం చెబుతాను, ఆ నిమిషంలో అమ్మ మీద నాకు ఒళ్లు మండిపోయింది. పందిరికి చెప్పేశాం. జోగిపేట నుంచి మేనమామలంతా బుధవారమే దిగుతున్నారు. వెలిమెల నుంచి, అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ల నుంచి చర్చివాళ్లు వంటకు మనుషుల్ని పంపుతామన్నారు. అవన్నీ అట్లా ఉంచండి. నవీన్ సెమినరీకి వెళ్లిన ఏడాదే నేను కాన్వెంట్‌లో చేరాలనుకున్నాను. నాన్న లేడు, ఇద్దరం పోతే అమ్మ ఒక్కతే అవుతుంది. దేవుడు స్వయంగా చెయ్యి పట్టి లాగిన తమ్ముడి ముందు నా కోరిక ఏపాటిదని నాకు నేనే సర్దిచెప్పుకుని ఆగిపోయాను. అట్లా ఆగినదాన్ని, ఇప్పుడు ఆవిడే లేచి అడ్డం ఉన్నదంటే నాకు మండదా?

ఫాదర్ గదిలో నలుగురం. నవీన్ ఇంకా పూజ బట్టల్లోనే ఉన్నాడు, తెల్ల అంగీ మెడ దాకా మూసి ఉంది.

"ఏందమ్మా గిది? ఇంట్ల అడగొచ్చు గద," అన్నాడు.

"ఇంట్ల అడిగితే ఇంట్లనే ఉండిపోతది," అంది అమ్మ. ఫాదర్ కుర్చీ చూపించినా కూర్చోలేదు. "పోయిన ఐతారం మైకుల చెప్పినవు గద, నిన్ను దేవుడెట్ల పిలిచిండో. మల్ల చెప్పు. నాకొక్కదానికి చెప్పు."

నవీన్ నావైపు చూశాడు. నాకూ అర్థం కాలేదు కాబట్టి మొహం తిప్పుకున్నాను. వాడు చెప్పలేదు. అందుకని ఆ కథ నేనే చెప్పాలి.

సెమినరీలో చేరేవాళ్లందరికీ ఒక పిలుపు కథ ఉంటుంది. తమ్ముడి కథ అందరి కథల్లోకీ పేరు పడింది. ఎన్ని విచారణల్లో చెప్పించారో, ఎంతమంది ఫోన్లలో ఆ వీడియో తిరిగిందో. కంపెనీలో పేలుడు జరిగిన రోజు వాడు లోపల ఉన్నాడు. "పొగలో నాకు దారి కనిపించలేదు. ప్రభువా అని అరిచాను. అప్పుడు వెనుక నుంచి ఒక చెయ్యి నా కాలర్ పట్టుకుంది. నన్ను వెలుగులోకి విసిరింది. తిరిగి చూస్తే ఎవ్వరూ లేరు. ఆ చెయ్యి ఎవరిదో నాకు ఆ రోజే తెలిసింది." ఇక్కడ కాసేపు ఆగుతాడు. జనం కళ్లు తుడుచుకుంటారు. నేను కూడా వీడియో చూసి ఏడ్చాను. అయితే మా సొంత చర్చిలో మాత్రం ఈ కథ ఎన్నడూ చెప్పలేదు. మొహమాటం అనుకున్నాను. అంతకుముందు ఆదివారం, రెండో చాటింపు రోజున, పెద్దలు పట్టుబడితే తప్పక చెప్పాడు. అమ్మ ఆ రోజే మొదటిసారి పూర్తిగా విన్నది. ఆ వారమంతా ఇంట్లో నోరు విప్పలేదు. కొడుకు ఫాదర్ అవుతున్న సంతోషం అనుకున్న నా తెలివిని మెచ్చుకోవాలి.

"మస్తు చెప్పినవ్," అంది అమ్మ. "అందరు ఏడ్చిన్రు. బీరమ్మ గూడ ఏడ్చింది. చూసినవా?"

నవీన్ తల దించుకున్నాడు.

బీరమ్మ వదిన మా పక్కింటావిడ. మా చర్చి మనిషి కాదు. వాళ్లు జోగిపేట దిక్కు నుంచి వచ్చిన కురుమలు, వాళ్ల దేవుడు బీరప్ప. అయినా మా నవీన్ మాట్లాడుతున్నాడంటే వచ్చి చివరి బల్ల మీద కూర్చుంటుంది. ఆవిడ భర్త అంజన్న అదే కంపెనీలో కాంట్రాక్టరు కింద డ్రమ్ములు మోసేవాడు. అదే పేలుడులో పోయాడు. కంపెనీవాళ్లు, అంజన్న ఆ రోజు తాగి పని ఎగ్గొట్టి వెనక షెడ్డు పక్కన పడుకున్నాడని, అందుకే చిక్కాడని చెప్పారు. కాదని చెప్పేందుకు ఒక్కరూ ముందుకు రాలేదు. బస్తీ అంతా ఆ మాటే నమ్మింది. వాళ్ల బిడ్డ రేఖను తోటిపిల్లలు తాగుబోతు బిడ్డ అని పిలిచేవాళ్లు. అందరికంటే గట్టిగా నమ్మింది బీరమ్మ వదినే. తాగనని ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన మనిషి, ఒట్టు తప్పి చచ్చాడని ఆవిడ కోపం. ఈ పదేళ్లలో ఆయన ఫొటోకు ఒక్క దండ వేయలేదు.

"ఐతారం పొద్దుమీకి బీరమ్మ మా ఇంటికొచ్చింది ఫాదర్," అంది అమ్మ. ఇప్పుడు మాట ఆయనతో. "వచ్చి ఏం అడిగిందో ఎరుకేనా? 'అత్తమ్మా, నవీనును దేవుడు కాలర్ వట్టి గుంజిండు. మా ఆయన గూడ ఆడనే ఉండె గద. ఆయన్నెందుకు గుంజలే? తాగిండని కోపం జేసిండా?' అన్నది. నేనేం చెప్పాలె? మీరు చదువుకున్నోళ్లు, మీరు చెప్పున్రి."

ఫాదర్ ఇన్నయ్య బల్ల మీద ఉన్న నీళ్ల గ్లాసును అటు జరిపి ఇటు జరిపారు.

"అడిగి ఊకున్నదా? కొంగుల ముడేసుకొని ఇది తెచ్చింది." అమ్మ తన కొంగు ముడి విప్పి, ఒక వెండి కడియం తీసి బల్ల మీద పెట్టింది. లావుపాటి కడియం, తాడు పేనినట్టు మెలికలు తిరిగి ఉంది. అంజన్న తాతల నాటిది. అతను స్నానంలో కూడా తీసేవాడు కాదు. "'దీన్ని కరిగించి నవీనుకు సిలువ చేపించు అత్తమ్మా, గా సిలువ ఆయన మెడల ఉంటె మా ఆయన చేసిన పాపం గూడ పోతదేమో' అన్నది. గట్ల అన్నది ఫాదర్. నేను దీన్ని చేతుల వట్టుకున్న. వట్టుకున్నంక నాకు నిద్రలేదు."

"అమ్మా, ఇగ చాలు," అన్నాడు నవీన్.

"వంగు," అంది అమ్మ.

"అమ్మా."

"వంగురా."

ముప్పై దాటినవాడు, రేపో మాపో ఫాదర్ కాబోయేవాడు, అమ్మ ముందు వంగాడు. ఆవిడ వాడి అంగీ మెడ వెనక్కి లాగింది. మెడ వెనక, వెంట్రుకలు మొదలయ్యే చోటుకు కొంచెం కింద, పాత కాలిన మచ్చ. ఆ మచ్చ నాకు తెలుసు. ఆస్పత్రి నుంచి వచ్చాక రోజూ అమ్మే దానికి కలబంద గుజ్జు రాసింది. వేడి పైపు తగిలిందని చెప్పాడు, పైపే అనుకున్నాం. అమ్మ కడియం తీసి ఆ మచ్చ పక్కన పెట్టింది. మచ్చలోనూ తాడు పేనినట్టు మెలికలే. మెలికకు మెలిక సరిపోయింది.

ఫాదర్ అమ్మకు చూపించిన కుర్చీలో నేను కూర్చున్నాను.

"గీ చెయ్యి ఎవలదో ఆ రోజే ఎరుకైందని చెప్పినవ్. ఎరుకైంది నిజమే," అంది అమ్మ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది. "గిప్పుడు చెప్పు. ఎవలది?"

"మొత్తం పొగ ఉండె. నాకేం కనవడలే."

"చెప్పు."

నవీన్ నిటారుగా నిలబడి మెడ సర్దుకున్నాడు. మైకు ముందు వాడి భాష ఎంత నున్నగా ఉంటుందో మీకు చెప్పాను. ఇప్పుడు నోరు తెరిస్తే మా ఇంటి మాట వచ్చింది.

"అంజన్నది."

వాడే చెప్పుకుంటూ పోయాడు.

"నన్ను తలుపు దిక్కు నూకిండు. 'ఉరుకు నవీనూ' అన్నడు. నేను ఉరికిన. ఆయన వస్తడనుకున్న. వెనకకు మర్లి చూసేసరికి తలుపు లేదు, గోడ లేదు. ఆస్పత్రిల ఉన్నప్పుడు కంపెనీవాళ్లు వచ్చి, 'అంజన్న లోపల లేడు గదా' అన్నరు. అడగలే అక్కా, వాళ్లే చెప్పిన్రు. నేను నోరు మూసుకున్న. గంతే. నోరు మూసుకున్న."

"మూసుకున్నోనివి మూసుకునే ఉండాలె గదరా," అన్నాను నేను. "ఊరూరా మైకు వట్టుకొని తెరుస్తివి గద."

"నీకు తెల్వదు అక్కా. సెమినరీల మొదటి వారం అందరు పిలుపు కథ చెప్పాలె. ఒకనికి మామ ఫాదర్, ఇంకొకనికి మేనత్త సిస్టర్. అందరు చిన్న పోరగాళ్లు. నేనే పెద్దోణ్ణి, ఒంటి మీద కంపెనీ వాసన పోలే. నాకాడ ఏముంది చెప్పేటందుకు? మొదటిసారి 'ఎవలో గుంజిన్రు' అన్న. ఎవలని ఒక్కరు అడగలే. సెమినరీకి పెద్ద, మా రెక్టర్, కండ్లు తుడుసుకొని 'దేవుడే నవీన్' అన్నడు. ఇగ రెండోసారి నుంచి నేను గూడ దేవుడే అన్న. చెప్పంగ చెప్పంగ నాకే గట్ల యాదికి రావట్టింది. నేను అబద్ధం చెప్పలే. పేరొక్కటే తీసేసిన."

పేరొక్కటే తీసేశాడట. వింటున్నారా? ఒక మనిషి ప్రాణం ఇచ్చి బయటికి తోస్తే, ఆ మనిషిని తీసేసి ఆ చోట దేవుణ్ణి కూర్చోబెట్టాడు. అంజన్నను కంపెనీ ఒకసారి చంపి తాగుబోతు అంది. మా తమ్ముడు పదేళ్లపాటు, విచారణ విచారణకూ వెళ్లి, దండలు వేయించుకుని మరీ అతను అక్కడ లేనే లేడని చెప్పి వచ్చాడు. ఆ మాటలు విని నేను నా కాన్వెంట్ వదులుకున్నాను. నా సంగతి వదిలేయండి. బీరమ్మ వదిన భర్త ఫొటోకు దండ వదులుకుంది. నాకు అప్పుడు వచ్చిన కోపం ఇది రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు.

"దేవుడు అడిగిండారా నిన్ను ఆ జాగ?" అన్నాను. "అంజన్నను లేపి నన్ను కూసోబెట్టుమని అడిగిండా?"

అమ్మ నన్ను ఆపి ఫాదర్ వైపు తిరిగింది.

"ఫాదర్, మీకు ముందే ఎరుకనా?"

ఆయన కదల్లేదు. ఔననలేదు, కాదనలేదు.

"పాపసంకీర్తనానికి నెలనెలా మీ దగ్గరికే వస్తడు గద. చెప్పలేదా మీకు? ఎరుకుండి గూడ మూడు ఐతారాలు చాటింపు సదివిన్రా?"

ముందు నాకు ఆయన మీదా కోపం వచ్చింది. అంతలోనే నేను ఆదివారాలు పిల్లలకు చెప్పే పాఠమే గుర్తొచ్చింది. పాపసంకీర్తనంలో, అంటే మనం పాపాలు చెప్పుకునేటప్పుడు, విన్నది గురువు ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. విన్నానని అనకూడదు, వినలేదని కూడా అనకూడదు. దాన్ని ఆధారం చేసుకుని ఒక్క అడుగు వేయకూడదు. ఆయనకు తెలిసి ఉంటే, ఇన్నాళ్లూ తెలియనట్టే ఆ చాటింపు చదవాల్సి వచ్చింది. మూడు ఆదివారాలు ఆయన గొంతు ఎందుకు అంత నీరసంగా ఉందో ఇప్పుడు ఊహించుకోగలను. జలుబు అనుకుని అల్లం టీ పంపాను.

చివరికి ఆయన మాట్లాడారు. "నర్సింహమ్మగారూ, నేను చాటింపు చదివాను. మీరు అడ్డంకి ఉందన్నారు. ఏమిటో నా ఎదురుగా చెప్పారు, నవీన్ కూడా నా ఎదురుగానే ఒప్పుకున్నాడు. ఇప్పుడు విన్నాను. ఇప్పుడు విన్నదాన్ని బిషప్ గారికి చెప్పవలసిన బాధ్యత నాది. సాయంత్రమే వెళతాను." అలా అంటున్నప్పుడు ఆయన భుజాలు కిందికి దిగాయి, నెత్తిన మూట దించుకున్న మనిషిలాగా.

"అయితే పట్టం లేనట్టేనా?" అన్నాడు నవీన్. "ఫాదర్, నేను గీ పని తప్ప ఇంకోటి అనుకోలే. పేషెంట్ల దగ్గర కూసున్నప్పుడు, చావు ఇండ్లకు పోయినప్పుడు, గా పని నిజంగనే చేసిన. గది అబద్ధం కాదు."

"కాదు," అన్నారు ఫాదర్. "నేను సెమినరీకి అన్నం కోసం వచ్చాను నవీన్. మా ఇంట్లో రెండు పూటలే వండేవాళ్లు, అక్కడ మూడు పూటలు పెట్టేవాళ్లు. దేవుడు నాకు చాలా ఆలస్యంగా దొరికాడు. నా బ్యాచ్‌లో ఒకడు వాళ్లమ్మ మొక్కు తీర్చడానికి వచ్చాడు, ఇంకొకడు ఇంటర్ తప్పి వచ్చాడు. ఇద్దరూ మంచి గురువులయ్యారు. ఎలా వచ్చావన్నది పెద్ద విషయం కాదయ్యా. కానీ నువ్వు వచ్చిన దారిలో ఒక మనిషి పడి ఉన్నాడు. అతన్ని దాటుకుని పీఠం ఎక్కితే ఎలా?"

నవీన్ అమ్మ వైపు తిరిగాడు. "నువ్వు ఈ వారం ఆగితే ఏమయితుండె అమ్మా? పట్టం అయినంక నేనే బీరమ్మ వదినకు చెప్తుంటి."

"చెప్పకపోతుంటివి," అంది అమ్మ.

గురుపట్టం రోజు బిషప్ గారు కొత్త గురువు చేతులకు తైలం పూసి, ఒక తెల్లగుడ్డతో కడతారు. తర్వాత ఆ గుడ్డను తల్లికి ఇవ్వడం కొన్నిచోట్ల ఆచారం. ఆవిడ చనిపోయినప్పుడు ఆ గుడ్డను ఆవిడ చేతుల్లో పెట్టి సమాధి చేస్తారు. దేవుడి ముందుకు వెళ్లినప్పుడు, నా కొడుకును నీకిచ్చాను అని చూపించుకోవడానికట. ఈ సంగతి ఫాదర్ ఇన్నయ్య చెప్పిన నాటి నుంచి అమ్మ ఆ గుడ్డ పిచ్చిలో ఉంది. మంచి మల్లు గుడ్డ తెచ్చి, కళ్లు కనిపించకపోయినా చుట్టూ చేత్తో కుట్టింది.

"గా గుడ్డ నా పెట్టెల ఉన్నది," అంది ఇప్పుడు. "నేను సచ్చినంక దాన్ని చేతుల వట్టుకొని ఆడికి పోతె, నా ముంగటనే అంజన్న నిలవడి ఉంటడు. 'చిన్నమ్మా, నా చెయ్యి ఏమైంది?' అంటడు. నేను ఏం మొహం వెట్టుకొని గుడ్డ చూపియ్యాలె నవీనూ? నువ్వు ఫాదరు అయితవో కావో నాకు తెల్వదు. బిషప్ గారికి ఎరుక. గని మైకుల తీసేసిన పేరు మైకులనే పెట్టాలె. ఇంట్ల చెవుల చెప్తె నేనొప్ప."

ఇంత చెప్పి, మేం ఎవరం ఊహించని పని చేసింది. గది తలుపు తీసి వరండాలోకి పిలిచింది.

"బీరమ్మా, ఇటు రా బిడ్డ."

బీరమ్మ వదిన స్తంభం పక్కన కూర్చుని ఉంది. అమ్మే పొద్దున రమ్మన్నదట. లోపలికి వచ్చి గుమ్మం దాటి ఒక అడుగు వేసి ఆగింది. బల్ల మీద కడియం చూసింది. మా మొహాలు చూసింది.

"ఏమైంది అత్తమ్మా? కరిగిస్తలేరా? మంచి వెండే అది."

నవీన్ ఆవిడ ముందుకు వచ్చి నిలబడ్డాడు. 

"నన్ను గుంజింది అంజన్న, వదినా," అన్నాడు. "దేవుడు కాదు. అంజన్న."

బీరమ్మ వదిన వెంటనే ఏడవలేదు. అడిగిన మొదటి ప్రశ్న నేను అనుకున్నది కాదు.

"ఆయన లోపటనే ఉండెనా?"

"ఉండె."

"షెడ్డు కాడ పండలేదా?"

"లేదు వదినా."

"తాగి ఉండెనా?"

"లేదు. తాగలే. పొద్దున నా టిఫిన్ డబ్బల నుంచే తిన్నడు. మంచిగనే ఉండె."

ఆవిడ గోడకు చెయ్యి ఆనించింది. "పదేండ్లు," అంది. "పదేండ్లు తిట్టిన. ఫొటో ముంగట నిలవడి రోజు తిట్టిన. ఒట్టు తప్పినవ్, బిడ్డను ఆగం జేసినవ్ అని తిట్టిన." అమ్మ దగ్గరికి వెళ్లి భుజం పట్టుకోబోతే ఆవిడ తోసేసింది. కోపంతో కాదు, మరేదో లెక్క తేల్చుకుంటున్నట్టు. "డ్రమ్ములు మోసేటాయనకు లోపటేం పని? ఎవలు పిల్సిన్రు లోపటికి?"

ఈ ప్రశ్న మా అమ్మకు కూడా తట్టలేదు. నాకు తట్టలేదు. నేను ఫాదర్ వైపు చూశాను. ఆయన కళ్లు మూసుకున్నారు. అప్పుడు అర్థమైంది, అసలు సంగతికి మేం ఇప్పుడే వచ్చామని.

"నేనే," అన్నాడు నవీన్. "ఒక డ్రమ్ము మూత పడ్తలేదు. హెల్పర్ రాలే. అంజన్న బైట నుంచి పోతుంటె 'అన్నా, జెర చెయ్యి వెయ్యవా' అని నేనే పిల్సిన. ఆయన్ని లోపటికి పిల్వొద్దు, గది రూలు. ఆయన లోపట ఉన్నడని చెప్తె, పిల్సిందెవలని అడుగుతరు. అందుకే."

అమ్మ నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. ఆవిడకు మచ్చ సంగతే తెలుసు, ఇది తెలియదు. పాపం, కొడుకుకు అడ్డం ఉన్నదని చాటింది గానీ, ఎంత పెద్దదో తెలియకుండానే చాటింది.

బీరమ్మ వదిన బల్ల దగ్గరికి వెళ్లి కడియం తీసుకుంది. మణికట్టు సన్నం, జారిపోతుంది. అయినా వేసుకుని మోచేతి దాకా తోసుకుంది. తర్వాత తిరిగి వచ్చి, ఏమీ అనకుండా, నవీన్ కాలర్ వెనక నుంచి పట్టుకుంది.

"వదినా," అన్నాడు వాడు.

"నడువు."

ఫాదర్ గది నుంచి చర్చిలోకి పక్క తలుపు ఉంది. ఆవిడ చెప్పులు వరండాలోనే ఉన్నాయి. వట్టి కాళ్లతో వాడిని ఆ తలుపు గుండా తీసుకుపోయింది. వెనక మేం ముగ్గురం. లోపల జనం అట్లాగే ఉన్నారు. మొదటి పూజవాళ్లు పోలేదు, రెండో పూజవాళ్లు వచ్చేశారు, బల్లలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. అన్నపూర్ణమ్మ సగం లేచింది. ఒకరిద్దరు ఫోన్లు పైకెత్తారు. ఎవరైనా అడ్డుపడతారేమోనని నేను ఎదురుచూశాను. ఫాదర్ ఇన్నయ్యే ముందుకు వెళ్లి మైకు స్విచ్ వేశారు.

నవీన్ మైకు ముందు నిలబడ్డాడు. బీరమ్మ వదిన కాలర్ వదల్లేదు. వాడు ఒకసారి గొంతు సవరించుకున్నాడు. ఎన్నో ఊళ్లలో నిలబడిన అలవాటు ఎక్కడికి పోతుంది, ఆ నున్నటి గొంతే వచ్చింది.

"ప్రియ సహోదరీ సహోదరులారా, నా పిలుపు కథ మీకందరికీ తెలుసు. ఈ రోజు ఆ కథను మరొక్కసారి మీకు..."

"కథ వద్దు," అంది బీరమ్మ వదిన. ఆ మాటను కూడా మైకు అందుకుంది. "పేరు చెప్పు."